పసుపు పూసిన బైనాక్యులర్

ఆ రోజుల్లో నాకు ఒక గట్టి నమ్మకం ఉండేది. ఇంట్లోకి ఏ కొత్త వస్తువు వచ్చినా దానికి పసుపు పూసి, బొట్టు పెట్టి, హారతి ఇస్తేనే అది మన మాట వింటుందని. న్యూజెర్సీ రాష్ట్రం పార్సిప్పనీలో మా అపార్ట్‌మెంట్‌కి ఎవరైనా వస్తే ముందు నా మొహం కాదు, మైక్రోవేవ్ మొహం చూసేవాళ్ళు. దాని తలుపు మీద నా నుదుటి బొట్టు కంటే పెద్ద బొట్టు ఉండేది. వాక్యూమ్ క్లీనర్‌కీ ఉండేది, రైస్ కుక్కర్‌కీ ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పుడు మాత్రం ఈ దేశంలో నాకు అర్థమైన యంత్రవిద్య అదొక్కటే. ఆ విద్యే ఒకసారి మా బావని పెన్సిల్వేనియా అడవిలో, చెట్ల మధ్యన, తలెత్తుకోలేకుండా చేసింది.

బావ అంటే మా ఆయనే. మేనత్త కొడుకు. ఆయన పెద్ద చదువులు చదివి హెచ్‌వన్ వీసా మీద ఇక్కడికొచ్చాడు. నేను మేకల వెంట తిరుగుతూ అక్షరం ముక్క రాకుండా పెరిగాను. చిన్నప్పుడే మాట ఇచ్చుకున్నామని పెద్దవాళ్ళు పెళ్ళి చేశారు. బావ ఎదురు చెప్పలేదు, ఎందుకంటే ఆయన ఎవరికీ ఎదురు చెప్పడు. అదే ఆయన గుణం, అదే ఆయన రోగం. (నేను చదువుకున్నది నలభై దాటాక. మా పాపని ఆదివారం తెలుగు బడికి తీసుకెళ్ళి, వెనక వరసలో కూర్చుని, పిల్లలతో పాటు అక్షరాలు దిద్దాను. పాప బడి మానేసింది, నేను మానలేదు. ఇంగ్లీషు ఆ తర్వాత లైబ్రరీలో.)

బావ ఆఫీసులో ఎవరితోనూ కలిసేవాడు కాదు. నేను కట్టిచ్చిన బాక్స్ తీసుకుని కార్లోకి వెళ్ళి, హీటర్ వేసుకుని, ఒక్కడే తినేసి వచ్చేవాడు. ఈ సంగతి నాకు చాలాకాలం తెలీదు. ఒకరోజు కారు సీటు మీద పప్పు మరక కనిపించి అడిగితే బయటపడింది. "అందరూ ఫుట్‌బాల్ గురించి, వేట గురించి మాట్లాడుకుంటుంటారు. నాకేం తెలుసని మధ్యలో కూర్చునేది? తాలింపు వాసన వస్తాందని వాళ్ళు లేచిపోకముందే నేనే బయటికి పోతా," అన్నాడు, అదేదో చాలా తెలివైన ఏర్పాటు అయినట్టు. ఆ పూట నుంచి నేను బాక్స్ కట్టేటప్పుడల్లా చెయ్యి ఆగేది. వాసన లేని కూర ఏదని ఆలోచించేదాన్ని. మా వంటల్లో అలాంటిది ఇప్పటికీ నాకు దొరకలేదు.

అలాంటి మనిషి ఒక సాయంత్రం షూస్ విప్పకుండానే లోపలికొచ్చి సోఫా మీద కూలబడ్డాడు.

"ఏమే, కొంప మునిగింది," అన్నాడు.

"ఉద్యోగం పోయిందా?"

"దానికంటే కష్టం. నన్ను వేటకి పిలిచినారు."

పిలిచింది వాళ్ళ మేనేజరు. గుండెల దాకా గడ్డం ఉండేది కాబట్టి ఇంట్లో మేం గడ్డం దొర అనుకునేవాళ్ళం. "నిన్నెందుకు పిలుస్తాడు బావా, నువ్వు బొద్దింకని చూస్తేనే మంచమెక్కుతావు గదా," అన్నాను. బావ తల దించుకున్నాడు.

"మా తాత అడవిపందుల్ని వేటాడేటోడని చెప్పినా."

"ఏ తాత?"

"మన తాత."

మా ఇద్దరికీ తాత ఒకడే. నాకు నాన్న నాన్న, ఆయనకి అమ్మ నాన్న. శెనగ చేలోకి పందులు రాకుండా కావలి కాయడానికి మంచె ఎక్కేవాడు. పందుల అలికిడి వినిపిస్తే డబ్బా మోగించాలి. మా తాత ముందు డబ్బా కింద పడేసేవాడు, తర్వాత దుప్పటి ముసుగు పెట్టేవాడు, పందులు తిన్నంత తిని వెళ్ళాక పొద్దెక్కి దిగేవాడు.

"తాత పందిని చూస్తే మంచె దిగేటోడు కాదు గదా బావా."

"అది నీకు తెల్సు, నాకు తెల్సు. న్యూజెర్సీలో ఇంకెవరికి తెల్సు?"

"అసలు అట్లా ఎందుకు చెప్పినావు?"

"లిఫ్ట్‌లో ఇద్దరమే ఉన్నాం. జింకల సీజన్ వచ్చేసిందని ఆయన అన్నాడు. ఏదో ఒకటి అనల్ల గదా. నోరు తెరిస్తే తాత వచ్చినాడు."

గడ్డం దొరకి ఆ మాట ఎంతో నచ్చిందట. వీసా మీద ఉన్నవాణ్ణి, తుపాకీ ముట్టుకోను అని బావ తప్పించుకోబోతే, "తుపాకీ నాది. నువ్వు ఒక మంచి బైనాక్యులర్ తెచ్చుకో చాలు. నీ పని చూసి చెప్పడం. మీ ఆవిడని కూడా తీసుకురా, మా ఆవిడ ఉంటుంది," అన్నాడట.

"పోకపోతే ఏమవుతుంది?" అన్నాను.

"ఏం కాదు. మళ్ళా పిలవడు, అంతే." షూ లేసు వేలికి చుట్టుకుంటూ అన్నాడు, "ఇన్నాళ్ళకి ఒకడు పిలిచినాడే."

అంతే. ఎంత దూరమైనా వెళ్ళాలి, ఎలాంటి బైనాక్యులరైనా కొనాలి అని అప్పుడే తీర్మానించేశాను.

మా పక్క బిల్డింగ్‌లో ఒక తెలంగాణ అన్న ఉండేవాడు. చీపురు కొనాలన్నా నెట్‌లో వందమంది ఏమన్నారో చదివేవాడు కాబట్టి ఆయన్ని రివ్యూల అన్న అనేవాళ్ళం. బావ ఆయన్ని సలహా అడిగాడు.

"ఇరవై రెట్లు పెద్దగ చూపెట్టేది తీస్కో. జింక మీసాలు గూడ కనవడ్తయ్," అన్నాడు అన్న.

"జింకకి మీసాలుంటాయా అన్నా?" అన్నాను.

"ఉంటయో ఉండవో గది కొంటేనే గద చెల్లెమ్మా తెలిసేది."

ఆ శనివారం వేట సామాన్లమ్మే పెద్ద షాపుకి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాం. గుమ్మంలో నిలువెత్తు ఎలుగుబంటి బొమ్మ ఉంది. బావ దానికి ఎక్స్‌క్యూజ్ మీ చెప్పి పక్కకి తప్పుకున్నాడు. బైనాక్యులర్ల కౌంటర్ దగ్గర నెరిసిన జడ వేసుకున్న ఒక పెద్దావిడ ఉంది. (నాకు అప్పుడు ఇంగ్లీషు రాదు. ఆవిడ మాటలూ, తర్వాత గడ్డం దొర మాటలూ బావ తెలుగు చేసి చెప్పినవే.) బావ ఇరవై రెట్లది చూపించమన్నాడు. ఆవిడ తీసిచ్చింది గానీ నాలుగు ప్రశ్నలేసింది. ఎక్కడ చూస్తారు, మైదానంలోనా చెట్లలోనా? పొద్దుటిపూటా, మిట్టమధ్యాహ్నమా? కళ్ళజోడు తీసి చూస్తారా, పెట్టుకునే చూస్తారా? మెడలో ఎంతసేపు వేలాడాలి? పెళ్ళిచూపుల్లో కూడా బావని ఎవరూ ఇన్ని ప్రశ్నలు అడగలేదు. (అసలు పెళ్ళిచూపులే జరగలేదు.)

ఆవిడ చెప్పిందేమిటంటే, ఇరవై రెట్లు పెద్దగా చూపించేది మన చేతి వణుకుని కూడా ఇరవై రెట్లు చేస్తుంది. చెట్ల మధ్య అంత అవసరం లేదు, ఎనిమిది రెట్లు చాలు. జింకలు తిరిగేది తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ. కాబట్టి ముందువైపు గాజు వెడల్పుగా ఉండాలి, ఉన్న కాస్త వెలుతురునీ అదే లోపలికి లాక్కోవాలి. కళ్ళజోడు ఉన్నవాళ్ళు కంటి దగ్గరి రబ్బరు చుట్టుని కిందికి తిప్పేసుకోవాలి, లేకపోతే చుట్టూ నల్లటి వలయమే కనిపిస్తుంది. ఇంకో మాట కూడా గట్టిగా చెప్పింది. తుపాకీ మీద ఉండే దుర్భిణితో ఎప్పుడూ వెతకొద్దు, అది ఎటు చూస్తే తుపాకీ మూతి కూడా అటే చూస్తుంది. ముందు బైనాక్యులర్‌తో చూసి, అది జింకే అని తేలాకే తుపాకీ జోలికి పోవాలి.

బావ అన్నిటికీ తలూపి, ఇరవై రెట్లదే కొందామన్నాడు. రివ్యూల అన్న చెప్పాడు కదా. నాకు మాత్రం ఏదీ నచ్చలేదు, ఎందుకంటే నేను ఇంకా సరుకు చూడలేదు. చీరైనా, రవిక గుడ్డైనా షాపు లైట్ల కింద చూసి కొనేవాళ్ళు మా ఇంట్లో లేరు. గుమ్మం బయటికి పట్టుకెళ్ళి, ఎండలో కొంగు పరిచి, రంగు చూసి, అప్పుడు బేరం. ఆ అలవాటే నా కాళ్ళని నడిపించింది. ఎనిమిది రెట్ల చిన్నది ఒక చేత్తో, ఇరవై రెట్ల పెద్దది ఒక చేత్తో పట్టుకుని తిన్నగా గుమ్మం వైపు నడిచాను. గుమ్మం దాటానో లేదో షాపంతా కుయ్యోమంది. గార్డు పరిగెత్తుకొచ్చాడు. బావ రెండు చేతులూ పైకెత్తేశాడు, ఆయన్ని ఎవరూ అడగకపోయినా.

"వెలుతురులో చూడాల బావా, చెప్పు ఆయనకి," అన్నాను.

"నువ్వు ముందు లోపలికి రా తల్లీ," అన్నాడు బావ, చేతులు దించకుండానే.

జడ పెద్దావిడ వచ్చి ఆ మోత ఆపించింది. బావ ఎలాగో చీరల సంగతి వివరించాడు. ఆవిడ విని, కోటు తెచ్చుకుని, మాతో పాటు చలిలోకి వచ్చి నిలబడింది. బైనాక్యులర్‌ని బయటే చూడాలి, కొనేవాళ్ళెవరూ అడగరు, అందట. నాకెంత గర్వమో చెప్పలేను. పెద్దదానితో చూస్తే పార్కింగ్ లాట్‌లోని లైటు స్తంభం పూనకం వచ్చినట్టు ఊగింది. బావ కూడా చూసి, "తల తిరుగుతాంది," అని ఇచ్చేశాడు. చిన్నదానితో చూశాను. ఆ చివర ఒకావిడ కారు డిక్కీలో సంచులు సర్దుకుంటోంది. ఆవిడ చెవి కమ్మలు చేత్తో పట్టుకున్నట్టు కనిపించాయి.

"ఇదే బావా. ఆమె కమ్మకి ఒక రాయి రాలిపోయిండేది కూడా తెలుస్తాంది. జింకకి కొమ్ములున్నాయో లేదో తెలీదా?"

అదే కొన్నాం. డబ్బాలో సన్నటి అక్షరాలతో మడతలు మడతలుగా ఒక కాగితం ఉంది, గాజుని ఎలా చూసుకోవాలో చెప్పేది. నాకు చదవడం రాదు. బావకి వచ్చు గానీ చదివే ఓపిక లేదు. ఆ ఒక్క విషయంలో ఇద్దరం సమానులం.

ఇంతవరకూ అన్నీ సవ్యంగానే జరిగాయని మీరు గమనించే ఉంటారు. వేటకి బయల్దేరే శుక్రవారం బావ కారులో సామాను సర్దుతుంటే, నేను బైనాక్యులర్‌ని దేవుడి ముందు పెట్టాను. మామూలుగా అయితే మధ్యలో ఉన్న నల్లటి రబ్బరు మీద చిన్న బొట్టు పెట్టి ఊరుకునేదాన్ని. కానీ ఇది మామూలు వస్తువు కాదు, బావ పరువు దీని మీదే ఉంది. అందుకని గడపకి పూసినట్టు, ముందున్న రెండు గాజుల నిండా పలచగా పసుపు పూసి, ఒక్కో గాజు నడిమధ్యన కుంకుమ బొట్టు పెట్టాను. హారతి ఇచ్చాను. ఎడిసన్‌లో మనవాళ్ళ షాపులో కొన్న మంచి సాంబ్రాణి వేసి, ఇద్దరి జాకెట్లూ, వేట నియమం ప్రకారం వేసుకోవాల్సిన కొట్టొచ్చినట్టు కనిపించే నారింజరంగు చొక్కాలూ ఆ పొగలో బాగా పట్టించాను. పసుపు ఆరాక మూతలు పెట్టేశాను. మనసులో ఒకటే కోరుకున్నాను. అదేమిటో కాస్త ఆగి చెబుతాను.

సాయంత్రానికి పెన్సిల్వేనియాలో గడ్డం దొర వాళ్ళ అడవి ఇంటికి చేరాం. ఆయన భార్య, భార్య తమ్ముడూ కూడా ఉన్నారు. గడ్డం దొర బావ మెడలో వేలాడుతున్న బైనాక్యులర్ చూసి, పైనున్న అంకెలు చదివి, గడ్డం నిమురుకున్నాడు. "కొత్తగా వచ్చేవాళ్ళందరూ పెద్ద పెద్దవి మోసుకొస్తారు. నీకు తెలుసు. మీ తాత నేర్పినట్టున్నాడు," అన్నాడట. బావ నా వైపు చూశాడు. పెళ్ళయ్యాక ఆయన భుజాలు అంత వెడల్పుగా ఉండడం అదే మొదటిసారి చూశాను.

తెల్లవారుజామున గడ్డం దొర, బావ, నేను బయల్దేరాం. (దొరగారి భార్య దుప్పట్లోంచి చెయ్యి మాత్రం బయటికి తీసి నాకు టాటా చెప్పింది. ఆవిడ తమ్ముడు అప్పటికే ఇంకో వైపుకి వెళ్ళిపోయాడు.) చెట్ల మధ్య నాలుగు స్తంభాల మీద చెక్కతో కట్టిన గూడు ఉంది. వాళ్ళు దాన్ని స్టాండ్ అంటారు. నేను నిచ్చెన ఎక్కుతుంటే నవ్వాపుకోలేకపోయాను. అది అచ్చంగా మంచె. తాత మనవడూ మనవరాలూ సముద్రాలు దాటొచ్చి మళ్ళీ మంచే ఎక్కారు. చీకట్లోనే బావ మూతలు తీసి బైనాక్యులర్ కళ్ళకి పెట్టుకున్నాడు. ఏమీ కనిపించలేదు. చీకటి కదా అనుకున్నాడు. నెమ్మదిగా తెల్లారింది. నాకు చెట్లు కనిపిస్తున్నాయి, కొమ్మల మీద మంచు కనిపిస్తోంది. బావ మాత్రం బైనాక్యులర్ తిప్పుతూనే ఉన్నాడు, తిప్పుతూనే ఉన్నాడు. ఆ చలిలో ఆయన నుదుటి మీద చెమట చూశాను.

"ఏమైంది బావా?" అన్నాను గుసగుసగా.

"లోకమంతా పచ్చగా ఉందే."

గాజుల నిండా నేను పూసిన పసుపు గుర్తొచ్చింది. నేను ఏదో చెప్పేలోపే గడ్డం దొర, ఏమైనా కనిపించిందా అన్నట్టు తల ఎగరేశాడు. బావ మళ్ళీ చూశాడు. ఎవరికీ ఎదురు చెప్పలేని మనిషి, లేదు అనడం కూడా ఎదురు చెప్పడమే అనుకునే మనిషి. దూరంగా పొదల దగ్గర ఏదో కదిలింది. పసుపులోంచి చూస్తే గోధుమరంగూ ఒకటే, నారింజరంగూ ఒకటే.

"జింక," అన్నాడు బావ. "పెద్దది. తల వంచి గడ్డి తింటోంది."

గడ్డం దొర తుపాకీ ముట్టుకోలేదు. తన మెడలోని బైనాక్యులర్ తీసి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత దించి, మెల్లగా అన్నాడు.

"అది నా భార్య తమ్ముడు. బూటు లేసు కట్టుకుంటున్నాడు."

ఆయన చెయ్యి చాపాడు. బావ మెడలోంచి తీసి ఇచ్చాడు. దొర అందులోంచి చూశాడు, తిప్పి ముందువైపు గాజులు చూశాడు, వేలితో గీరి వాసన చూశాడు. తర్వాత బావ జాకెట్ వాసన చూశాడు, నా జాకెట్ వాసన చూశాడు. జింకకి ముక్కే సగం ప్రాణమట. ఈ వాసనకి చుట్టుపక్కల జింకలన్నీ రాత్రే పక్క జిల్లాకి వెళ్ళిపోయి ఉంటాయి అన్నాడు. బావ మొహం చూడలేకపోయాను. మళ్ళీ కార్లో, హీటర్ వేసుకుని, ఒళ్ళో బాక్స్ పెట్టుకుని కూర్చున్న మనిషి కనిపించాడు నాకు.

"నా భార్య పూజ చేసింది," అన్నాడు బావ చివరికి.

దొర నా వైపు తిరిగాడు. దేని కోసం ప్రార్థించావని అడిగాడు. బావ తెలుగులో చెప్పాడు. ఆ వయసులో నాకు అబద్ధం చెప్పడానికి కూడా సమయం పట్టేది, అది లేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"మా బావ మంచోడు సామీ. ఆఫీసులో ఒక్కడే కార్లో కూర్చుని తింటాడు. కూర వాసన వస్తాదని ఆయనే దూరంగా పోతాడు. నువ్వు ఇట్లా పిలిచినావు కాబట్టి, ఈ పని బాగా జరిగితే, సోమవారం నుంచి ఎవరో ఒకరు ఆయన పక్కన కూర్చుని అన్నం తింటారేమోనని మొక్కుకున్నా. జింక గురించి మాత్రం ఏం మొక్కలేదు. మర్చిపోయినా."

బావ గొంతు సవరించుకుని ఇంగ్లీషులో, "ఫర్ గుడ్ లక్," అన్నాడు.

దొర ఇంకా చూస్తూనే ఉన్నాడు. నన్ను చూశాడు, బావని చూశాడు. "ఆవిడ చాలాసేపు మాట్లాడింది. నువ్వు మూడు ముక్కలు చెప్పావు," అన్నాడు.

బావ నా వైపు కోపంగా చూద్దామనుకుని, అది కూడా చేతకాక, చెట్లవైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టాడు. నెమ్మదిగా, ఒక్కో మాటే. మధ్యలో ఒకసారి ఆగిపోయాడు. కార్ అనే మాట నాకు అర్థమైంది, అక్కడే ఆగాడు. మళ్ళీ చెప్పాడు. అంతా అయ్యాక దొర జేబులోంచి మెత్తటి గుడ్డ తీసి, ఒక గాజుని ఆవిరి ఊది జాగ్రత్తగా తుడిచాడు. రెండో గాజుని తుడవకుండా వదిలేసి తిరిగి ఇచ్చాడు. మొక్కు ఇంకా తీరలేదు కదా, అంతా తుడిచేయడం బాగోదు అన్నాడట. తర్వాత ఫ్లాస్క్ మూతలో కాఫీ పోసి ముందు నాకు ఇచ్చాడు. ఆ రోజు జింక కాదు కదా, ఉడత కూడా అటువైపు రాలేదు.

సోమవారం సాయంత్రం నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. బావ వచ్చాడు, బాక్స్ సింక్‌లో పెట్టాడు, చేతులు కడుక్కున్నాడు.

"ఏమైంది?" అన్నాను.

"ఏముంది? వచ్చి కూర్చున్నాడు."

"ఏం మాట్లాడినాడు?"

"ఏం మాట్లాడలేదు. శాండ్‌విచ్ తిన్నాడు. గోంగూర చూసి అదేందని అడిగినాడు. కారం, జాగ్రత్త అన్నా. తిన్నాడు. ఏడ్చినాడు. మళ్ళా అడిగినాడు." అని, టవల్‌తో మొహం తుడుచుకుంటూ చాలాసేపు ఆ టవల్ తియ్యలేదు. "రేపు కొంచెం ఎక్కువ పెట్టు," అన్నాడు లోపల్నుంచే.

ఆ తర్వాత చాలా ఏళ్ళు దొర మమ్మల్ని ప్రతి సీజన్‌కీ పిలిచాడు, సాంబ్రాణి వద్దని ముందే ఫోన్ చేసి చెప్పి. బావ జింకల్ని చూసి చెప్పడం నేర్చుకున్నాడు గానీ, చెప్పేలోపే తుమ్మడం మానుకోలేకపోయాడు. (కావాలనే తుమ్మేవాడని నా అనుమానం. దొరకీ ఉండేదనుకుంటాను.)

ఇప్పుడు నాకు రెండు భాషలూ వచ్చు. ఆఫీసు పార్టీల్లో అందరితో నేనే మాట్లాడతాను, ఎవరేమడిగినా తడుముకోను. ఒక్కోసారి ఆ మంచె మీది పిల్ల గుర్తొస్తుంది. చలికి ముక్కు కారుతూ, నారింజరంగు చొక్కాలో బొమ్మలా కూర్చుని, తన మొగుడి ఒంటరితనం మొత్తం ఒక కొత్త మనిషి ముందు గడగడా ఒప్పజెప్పేసిన పిల్ల. అంత ధైర్యం ఎక్కడిదో దానికి. ఇప్పుడైతే దొర అదే ప్రశ్న అడిగితే బావకి అంత కష్టం ఉండదు. చక్కగా నవ్వి, "ఫర్ గుడ్ లక్" అని నేనే చెప్పేస్తాను.